తొలి వాకిలి పిలుపు

"రసంలో ఉప్పు యాడికి పోయింది యువరాణీ?" అంది పట్టమ్మాళ్.

కంచంలోంచి తలెత్తలేదు, గొంతు పెంచలేదు. అయినా మండపంలో ఆ కొసన కూర్చున్న తిరుమలసామి తాత దాకా వినబడింది. ఆవిడ మాట తీరే అంత. మెల్లగా బయలుదేరి ఊరంతా తిరిగొస్తుంది.

వంట చేసే యువరాణి రసం గరిటె పట్టుకుని వరస మధ్యలో నిలబడిపోయింది. పొద్దున్నుంచి పొయ్యి సెగకు ఒళ్ళు ఉడికిపోయి ఉంది. పళ్ళు లేని నోళ్ళకు అన్నం మెత్తగా ఉండాలి, గుమ్మడికాయ ముక్క వేలితో నొక్కితే నలిగిపోవాలి, కారం తగలకూడదు, అలాగని చప్పగానూ ఉండకూడదు. ఇంతా చేసి వడ్డిస్తే ఈ మాట.

"సరిగానే ఏసినాను అవ్వా."

"ఏసింటే నా నాలికకు తెలియకుండా పోతాదా?"

"మీకు దినానికొక వంక కావల. నిన్న పప్పు బిరుసు, మొన్న మజ్జిగ పులుపు. ఒక్క పూటన్నా వంక పెట్టకుండా తినకూడదా?"

పట్టమ్మాళ్ అప్పుడు తలెత్తింది. చెవుల బరువు కమ్మలు ఊగాయి. "వంక పెట్టకుండా తినేది సావింట్లోనేమ్మా. ఆడ ఉప్పు లేకున్నా నోరు మూసుకుని మింగల. ఇది సావిల్లా?"

ముసలివాళ్ళంతా నవ్వారు. వంటలో సాయం చేసే చెల్లమ్మాళ్ కూడా నీళ్ళ చెంబు పట్టుకుని నవ్వేసింది. యువరాణికి తల కొట్టేసినట్టయింది. ఉప్పు డబ్బా తెచ్చి పట్టమ్మాళ్ కంచం పక్కన ఠంగున పెట్టి, వెనక్కి చూడకుండా వంటగదిలోకి పోయింది.

తమిళనాట కోవిల్‌పట్టి నుంచి మినీబస్సు ఎక్కితే నల్లరేగడి చేల మధ్యలో వచ్చే తెలుగువాళ్ళ ఊరు అది. పొద్దు పొడిచేసరికి కంపెనీ వ్యాన్లు వచ్చి, కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళనందరినీ అగ్గిపెట్టెల పనికీ మిల్లులకీ ఎక్కించుకుపోతాయి. వానలు సరిగ్గా పడని నేలకు ఎంతమంది కావాలి? మిగిలేది స్టవ్ వెలిగించడానికి చెయ్యి వణికేవాళ్ళే. పట్టమ్మాళ్ నిరుడు చీర కొంగు అంటించుకుంది. అప్పటినుంచి కోడలు వ్యాన్ ఎక్కే ముందు సిలిండర్ కట్టేసి పోతుంది. పొద్దున తాగిన సజ్జ గంజి తప్ప దీపాలు పెట్టేదాకా ఆ ఇంట్లో మరేమీ ఉండదు. అందుకే ఊరి సంఘం వాళ్ళు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తమ మండపం ఇచ్చారు. గ్యాసూ నీళ్ళూ పంచాయతీ చూసుకుంటుంది. బియ్యం పప్పులూ, వంట చేసే ఇద్దరి జీతాలూ విరుదునగర్ నూనె వ్యాపారుల ధర్మనిధి నుంచి వస్తాయి.

అన్నీ అమిరాయి కానీ మొదట్లో తినేవాళ్ళు రాలేదు. వండింది వండినట్టు మేకల పాలైంది. ఆకలి లేక కాదు. ఎవరూ పిలవలేదు. పిలవకుండా పరాయి పంక్తిలో కూర్చోవడం ఈ తెలుగు ఇళ్ళలో పుట్టి ఎరగరు. ఆ ముక్క చెప్పింది పట్టమ్మాళే. "పిలవకుండా పోయి కూసుంటే ఊరేమంటాది? కొడుకు కూడు పెట్టలేదంటాది. నా కొడుకుకు ఆ మాట తెచ్చేదానికా నేను బతికుండేది?" అంది. అప్పట్నుంచి రోజూ వంట దించగానే యువరాణి చెయ్యి కడుక్కుని వీధిలోకి పోతుంది. వీధి మొదట ఉన్నది పట్టమ్మాళ్ ఇల్లు. "అవ్వా, బువ్వకు రాండి" అంటుంది. పట్టమ్మాళ్ అప్పుడే విన్నట్టు "ఏమమ్మా విశేషం ఇయ్యాల?" అని అడుగుతుంది. అడిగి, అప్పటికే కడిగి పక్కన పెట్టుకున్న కంచం తీసుకుని, కర్ర అందుకుని అరుగు దిగుతుంది. ఆవిడ దిగితే ఒక్కొక్క వాకిలీ కదులుతుంది. ఎండైనా వానైనా దినమూ ఇదే తంతు, పెళ్ళివారిని పిలిచినట్టు.

కాళ్ళరిగేలా తిరిగి పిలిచి, వచ్చాక ఉప్పు గురించి మాట పడడం ఎందుకని ఆ సాయంత్రం అంట్లు తోముతూ యువరాణి తనలో తాను గొణుక్కుంటూనే ఉంది.

మరునాడు ముత్తురామన్ రావాలి. ధర్మనిధి మేనేజరు ఆయన. సాయం చేసే ఊళ్ళకు ఏడాదికోసారి పోయి, కూర్చుని, ఎంతమంది తింటున్నారో కళ్ళారా చూసి, వచ్చే ఏడాదికి ఖాయం చేసి వస్తాడు. ఈ ఊరికి రావడం ఇదే మొదలు. యువరాణి మండపం కడిగి ముగ్గు వేసింది. కంచాలు మానేసి అరిటాకులు పరిచింది. సేమియా పాయసం కాచింది. తలలో మల్లెపూలు పెట్టుకుని పిలవడానికి బయలుదేరింది.

పట్టమ్మాళ్ అరుగు మీదే ఉంది. ఎవరో సారు వస్తున్నాడని ఊరందరికీ తెలుసు. అంచు ఉన్న చీర కట్టింది, తల నున్నగా దువ్వుకుంది. యువరాణిని చూసి కర్ర కొంచెం దగ్గరికి జరుపుకుంది.

యువరాణి ఆగలేదు. ఎదురింటి వైపు మొహం తిప్పుకుని నడిచి వెళ్ళిపోయింది. ఒక్క పూట పిలవకపోతే కొంపలేమీ మునిగిపోవు, ఆకలైతే ఆవిడే వస్తుంది, వచ్చాక ఉప్పు సంగతి మాట్లాడుకుందాం అనుకుంది. అలా అనుకోవడం నోటికి తియ్యగా కూడా ఉంది. మిగతా ఇళ్ళన్నిటికీ నవ్వుతూ పోయింది. "తాతా, బువ్వకు రాండి. సారు ఒచ్చే పొద్దయింది." "ఇదో, ఒస్తా పోమ్మా," అన్నాడు తిరుమలసామి తుండు దులుపుకుంటూ. అందరూ అదే మాట అన్నారు.

ముత్తురామన్ కోవిల్‌పట్టి బస్టాండు నుంచి ఆటోలో వచ్చాడు. సన్నగా, నెరిసిన మీసంతో, మాట్లాడేముందు కళ్ళజోడు తుడుచుకునే మనిషి. మండపంలో ఆకులు పరిచి ఉన్నాయి. గ్లాసుల్లో నీళ్ళున్నాయి. మనుషులు లేరు.

"ఇంకా టైం కాలేదా అమ్మా?" అని తమిళంలో అడిగాడు.

"వస్తా ఉన్నారు సార్," అని యువరాణి కూడా తమిళంలో అంది.

రాలేదు. గుమ్మంలోంచి తొంగి చూస్తే వీధి పొడుగునా వాకిళ్ళలో మనుషులు కనబడుతున్నారు. తయారై కూర్చున్నారు. కంచాలు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరికి వారు మెడ సాచి వీధి మొదటి ఇంటి వైపు చూస్తున్నారు. పట్టమ్మాళ్ దిగలేదు కాబట్టి ఏదో జరిగింది, ఏం జరిగిందో తెలిసేదాకా మనం కదలకూడదన్నట్టుంది వాళ్ళ తీరు. తిరుమలసామి లేచి గుమ్మం దాకా వచ్చి, అటు చూసి, మళ్ళీ పోయి కూర్చున్నాడు. యువరాణికి అప్పుడు అర్థమైంది. అయినా ఆ పెద్దమనిషి చూస్తుండగా పరిగెత్తి పోయి ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడడానికి మనసొప్పలేదు. చెల్లమ్మాళ్‌ను పంపింది.

చెల్లమ్మాళ్ ఎగపోసుకుంటూ తిరిగొచ్చింది. "పిలిచేదానికి ఆమెకు నోరు లేదా, నిన్ను పంపింది అంటా ఉంది," అంది తెలుగులో.

"ఏమంటున్నారు?" అని ముత్తురామన్ అడిగాడు. ఆయనకు తెలుగు రాదు.

ఆ క్షణంలో నిజం చెప్పి, ఒక్క నిమిషం సార్ అని పోయి ఉంటే సరిపోయేది. యువరాణికి ఒంట్లో నిన్నటి మంట ఇంకా ఆరలేదు. "ఇష్టముంటే వస్తారు సార్, లేకుంటే లేదు," అని తమిళంలో అనేసింది.

ముత్తురామన్ ఖాళీ ఆకుల వైపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మజ్జిగ ఉంటే ఒక గ్లాసు ఇవ్వమ్మా, ఉప్పు లేకుండా. నాకు బీపీ," అన్నాడు. తాగి, మంచి మాటే చెప్పి, ఆటో ఎక్కాడు.

ఆటో దుమ్ము అణగకముందే చెల్లమ్మాళ్ గిన్నెలు పట్టుకుని వాకిలి వాకిలికీ తిరిగి వడ్డించి వచ్చింది. ఇంటికి తెచ్చి పెడితే చాలామంది సిగ్గుపడుతూనే తీసుకున్నారు.

"పట్టమ్మాళవ్వ?" అని యువరాణి అడిగింది.

"ఒద్దనింది. తిన్నానంట."

ఏం తింటుంది? సిలిండర్ కట్టేసి ఉంది. ఆ ఇంట్లో ఏముంటుందో యువరాణికి తెలియంది కాదు. తన కంచంలో పెట్టుకున్న పాయసం తీసుకుపోయి వాకిట్లో పారబోసింది.

మరునాడు పొద్దున ఆమె వంకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. ముత్తురామనే. మెత్తగానే మాట్లాడాడు. వచ్చే నెల నుంచి ఇక్కడికి ఇచ్చేది ఆపుతున్నామనీ, కారియాపట్టి పక్కన ఒక ఊరివాళ్ళు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారనీ, ఉన్న సరుకులతో ఈ నెల గడిపేయమనీ చెప్పాడు. "అవసరం ఉన్నచోట పెట్టాలి గదమ్మా," అన్నాడు. యువరాణి "సరి సార్, సరి సార్" అంటూ విన్నది. కత్తిపీట ముందు వంకాయ ముక్కలు నల్లబడేదాకా అలాగే కూర్చుంది. పోయేది తన జీతమొక్కటే అయితే ఇంత బాధ లేకపోయేది. ఏదో మిల్లు వ్యాన్ తనూ ఎక్కుతుంది. ఈ ముసలివాళ్ళు ఏ వ్యాన్ ఎక్కుతారు?

ఆ పూట అందరికంటే ముందు పట్టమ్మాళ్ వాకిట్లో నిలబడింది. "అవ్వా, బువ్వకు రాండి."

పట్టమ్మాళ్ పాత చీరలో ఉంది. యువరాణిని ఎగాదిగా చూసింది. "నిన్న పిలవలేదేమ్మా?"

"పని జాస్తి అవ్వా. మరిసిపోయినాను."

"అట్లనా," అంది ముసలామె. కర్ర అందుకుంది. తిట్టినా బాగుండేదని యువరాణికి అనిపించింది. పంక్తిలో ఎప్పుడూ రెండోసారి అడగని మనిషి ఆ రోజు కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం ఎయ్యి," అంది. నిన్నటి ఆకలి అది. యువరాణి గరిటె నిండా పెట్టింది.

"సారు ఏమన్నాడు?" అని తిరుమలసామి అడిగాడు.

"బాగుందన్నాడు తాతా."

రెండు రోజులు అలా గడిచాయి. పిలవడం, రావడం, తినడం. ఏమీ తెలియని మనుషులు తాంబూలం నములుతూ లేచి పోతుంటే యువరాణి ఆ వెనకే నిలబడి చూసేది. చెల్లమ్మాళ్‌కు మాత్రం చెప్పింది. "పోయి కాళ్ళు పట్టుకో. ఉన్నది ఉన్నట్టు సెప్పు," అంది చెల్లమ్మాళ్.

మూడోనాడు పొద్దున్నే బయలుదేరింది. ముందు పట్టమ్మాళ్ తలుపు తట్టింది. "ఊరికి పోతున్నాను అవ్వా. మధ్యాహ్నం బువ్వకు ఇప్పుడే పిలస్తున్నాను, రాండి."

"నోరు కూడా కడగలేదు, బువ్వకు పిలిచేది ఏ ఊరి మరియాదమ్మా?" అంది పట్టమ్మాళ్. నవ్వింది కూడా. ఆ నవ్వు దారి పొడుగునా యువరాణి వెంట వచ్చింది. కోవిల్‌పట్టిలో బస్సు మారి, సాత్తూరు దాటి, విరుదునగర్‌లో దిగేదాకా కిటికీ పక్కన కూర్చుని అనవలసిన మాట నేర్చుకుంటూనే ఉంది. నేను పిలవలేదు సార్. తప్పు నాది సార్. అంతే గదా, రెండు ముక్కలు.

ధర్మనిధి ఆఫీసు బజార్లో మిరపకాయల మండీ పైన. మెట్లెక్కుతుంటే ఘాటుకు ముక్కూ కళ్ళూ కారాయి. ముత్తురామన్ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు.

"నామీద కోపం వద్దమ్మా. కారియాపట్టి పక్కన పోయి చూశాను. అక్కడ చెంబులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఖాళీ ఆకులకు వడ్డించమని నేను మా పెద్దలకు ఎలా చెప్పను?"

"మాది... ఆ రోజు, సార్..." యువరాణి నోరు తెరిచింది. అవ్వ రసంలో ఉప్పు తక్కువైందన్నదని, మొహం తిప్పుకుని పోయానని చెప్పాలి. ఇంత మర్యాదగా కూర్చోబెట్టిన పెద్దమనిషి ముందు ఆ మాట ఎంత చిన్నదిగా ఉంటుందో అప్పుడు కనబడింది. ముప్పై దాటిన ఆడది చిన్నపిల్లలా పంతం పట్టి ఇంతమంది నోటి ముద్ద తీసేసింది. ముఖం చెల్లలేదు. నాలుక ఎటు తిరిగిందో ఆమెకే తెలియదు.

"ఆ రోజు ఊళ్ళో చావు సార్."

ముత్తురామన్ కుర్చీలోంచి సగం లేచాడు. "అయ్యయ్యో. ఎవరు?"

ఎవరు? ఇన్ని రోజులుగా నిద్రలోనూ మెలకువలోనూ తలలో తిరుగుతున్న పేరు ఒక్కటే. "పట్టమ్మాళ్ అని, సార్. ఊరికి పెద్ద. రోజూ ఆమే ముందు వచ్చేది."

"నాకు ఒక్క మాట చెప్పలేదేమ్మా?"

"వచ్చిన అతిథికి ఆకు వేసి చావు మాట చెప్పకూడదు సార్, మా ఇళ్ళలో."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే అబద్ధమంతా నిజంలా నిలబడింది. ముత్తురామన్ మళ్ళీ కూర్చుని కళ్ళజోడు తీశాడు, తుడవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. "ఊళ్ళో శవం లేవకముందే నేను కూర్చుని మజ్జిగ అడిగి తాగాను," అన్నాడు. "పైగా ఊరు మంచిది కాదనుకుని వచ్చాను. తప్పు చేశానమ్మా. క్షమించండి."

యువరాణికి చచ్చినంత పనైంది. ఆయన ఆమెకు చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నాడు. ఆమె లేచి నిలబడి వద్దు సార్ వద్దు సార్ అంటోంది. సాయం ఆపుతామన్న మాట ఆయన వెనక్కి తీసుకున్నాడు. శుక్రవారం తనే వచ్చి అందరితో కూర్చుని తింటాననీ, అటునుంచి ఆ ఇంటికి పోయి పలకరించి వస్తాననీ అన్నాడు.

"ఇంటికి ఎందుకు సార్, శ్రమ..."

"పోకపోతే నాకు మనశ్శాంతి ఉండదమ్మా."

బస్టాండులో శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పొట్లం ఒకటి కొంది. ఎవరికి కొంటోందో చేతికి తెలుసు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోవా మెత్తగా కరుగుతోంది, కాగితం నేతితో తడిసింది.

ఊళ్ళో దిగేసరికి ఎండ వాలింది. వ్యాన్లు ఇంకా రాలేదు. పట్టమ్మాళ్ అరుగు మీద కాళ్ళు చాపుకుని పత్తిగింజలు ఏరుతోంది. యువరాణి పక్కన కూర్చోకుండా కింద మెట్టు మీద కూర్చుంది. పొట్లం ముందు పెట్టింది.

"ఏమిటికి ఇది?"

"మీకే అవ్వా."

"ఊరికే పాలకోవా తెచ్చే మనిసివి కాదే నువ్వు. ఏం సేసినావు?"

యువరాణి చెప్పింది. ఉప్పు దగ్గర మొదలుపెట్టింది. మొహం తిప్పుకుని పోయింది చెప్పింది. సారుతో తమిళంలో ఏమన్నదో చెప్పింది. విరుదునగర్ పోయిందీ, శుక్రవారం సారు మళ్ళీ వచ్చేదీ చెప్పింది. "సావన్నాను అవ్వా. ఎవరంటే... నోట్లోకి మీ పేరు ఒచ్చేసింది."

పట్టమ్మాళ్ చేతిలో గింజలు ఆగాయి. వీధిలో మేకలు పోతున్నాయి. అవి పోయేదాకా ఆవిడ వాటినే చూసింది.

"ఎట్ల సచ్చిపోయినానంట?"

"అది అడగలేదు."

"మంచం పట్టి సచ్చినానంటే ఒప్పుకోను. నిద్రలో పోయినానను." మళ్ళీ గింజలు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి, తలెత్తకుండా, "ఆ పొద్దు పిలస్తావని అంచు చీర కట్టుకున్నాను," అంది.

యువరాణి మెట్టు మీదే మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది. పట్టమ్మాళ్ ఓదార్చలేదు. ఓదార్చే మనిషి కాదు. గింజలన్నీ చేటలోకి ఎత్తిన తర్వాత మాత్రం అడిగింది.

"అది సరే. సుక్కురారం నేను దిగకూడదు గదా. మరి వీల్లంతా ఎవరిని సూసి కదలతారు?"

పట్టమ్మాళ్ పాలకోవా పొట్లం విప్పి, వేలితో కొంచెం తీసి నాకి, "తీపి జాస్తి," అని పక్కన పెట్టేసింది.

శుక్రవారం పొద్దున యువరాణి మండపానికి పోతుంటే వీధిలో కర్ర చప్పుడు వినబడింది. పట్టమ్మాళ్ తిరుమలసామి వాకిట్లో నిలబడి ఉంది. ఎవరూ పిలవకుండా ఎన్నడూ ఒకరి వాకిలి తొక్కని మనిషి, ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి, కర్రతో గడప తట్టి పిలుస్తోంది. "మధ్యాహ్నం యువరాణి రాదు. ఇది నా పిలుపు. అందరూ పోవల. నేను సచ్చినానని సారంటే అవుననండి, ఏడిస్తే ఇంకా మంచిది." తిరుమలసామి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరు సచ్చింది?" అంటున్నాడు. "నేను," అని ఆవిడ కొంచెం గట్టిగా చెప్పింది. యువరాణి గోడ పక్కకు తప్పుకుంది. ఎదురుపడడానికి ధైర్యం చాలలేదు.

ఆ రోజు వంట ఎలా చేసిందో ఆమెకే తెలియదు. చింతపండు పిసుకుతూ వీధి చూసింది, పోపు వేస్తూ వీధి చూసింది. ముత్తురామన్ వచ్చేసరికి మండపంలో ఒక్క ఆకు ముందు కూడా ఖాళీ లేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో చిన్న పూలదండ ఉంది.

వడ్డించే ముందు ఆయన లేచి, పోయిన పెద్దమ్మ కోసం ఒక్క నిమిషం నిలబడదామన్నాడు. ముసలివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. తిరుమలసామి తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు, అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఒత్తుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. యువరాణి అన్నం గిన్నె పట్టుకుని తల వంచుకుంది. ఈ భూమి ఇప్పుడే చీలితే బాగుండునని ఆమె కోరిక.

తర్వాత పంక్తి నిశ్శబ్దంగా సాగింది. ముత్తురామన్ అన్నంలో ఉప్పు లేని మజ్జిగ పోయించుకుని తిన్నాడు. రసం వడ్డిస్తూ పోతుంటే ఒక్కొక్కరూ ఆకు అంచున పెట్టిన చిటికెడు ఉప్పు వేలితో లాగి అన్నంలో కలుపుకోవడం యువరాణి చూసింది. చూసింది కానీ ఆ ధ్యాసలో ఆమె లేదు. సారు తృప్తిగా చెయ్యి కడుక్కున్నాడు. "ఇక్కడినుంచి ఒక్క గింజ కూడా కదలదు. కారియాపట్టికి వేరే చోటునుంచి చూస్తాను," అన్నాడు. ఆ మాట విని చెల్లమ్మాళ్ యువరాణి నడుం మీద గిల్లింది.

"పదమ్మా, ఆ ఇల్లు చూపించు."

పట్టమ్మాళ్ అరుగు మీద కూర్చుని ఉంది. చెవులకు కమ్మలు లేవు. బోసి చెవులు సాగి వేలాడుతున్నాయి. జుట్టు విప్పి వదిలేసింది. లోపల ఉంటుందనుకుంటే ఈవిడ బయట కూర్చుందేమిటని యువరాణి బిత్తరపోయింది.

ముత్తురామన్ చెప్పులు విడిచి చేతులు జోడించాడు. "పట్టమ్మాళమ్మ ఇల్లు ఇదేనా? తమరు..."

"ఆమె చెల్లెల్ని," అంది పట్టమ్మాళ్ తమిళంలో. రెప్ప కూడా వెయ్యలేదు.

"చాలా పోలిక ఉందనుకుంటాను. నేను ఆవిడను చూడనే లేదు. ఆ రోజు తెలియక కోపంగా వెళ్ళిపోయానమ్మా."

"పిలవనిదే కదిలే మనిషి కాదు మా అక్క," అంది పట్టమ్మాళ్. "ఎవరో పిలిచి ఉంటారు. పోయింది."

ముత్తురామన్ దండ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ రెండు చేతులతో తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "మండపంలో అందరూ తింటున్నారు. మీరూ వచ్చి ఒక ముద్ద తినండమ్మా, నా మాట మీద," అని ఆయన పిలిచాడు. ఎంతో మర్యాదగా పిలిచాడు.

పట్టమ్మాళ్ మండపం వైపు ఒకసారి చూసింది. "చావింటివాళ్ళు పదహారో రోజు పోయేదాకా బయట తినకూడదు గదయ్యా."

"నిజమే, నిజమే. పదహారో రోజు కాగానే మీ అక్క చోట్లో మీరు కూర్చోవాలి. నేను చెప్పి పోతున్నాను."

ఆయన ఆటో మలుపు తిరిగింది. పట్టమ్మాళ్ దండలోంచి ఒక చామంతి తుంచి వాసన చూసి, "నిన్నటి పూలు," అంది.

యువరాణి మండపానికి పరిగెత్తింది. చావింట్లో పొయ్యి వెలగదు, చుట్టాలు వండి తెచ్చి పెడతారు. ఆ వరస పట్టుకునే పోవాలి, మరో దారి లేదు. క్యారియర్‌లో అన్నం, వంకాయ కూర, పైన రసం పోసి తెచ్చింది. కంచం కడిగి వడ్డించి, ఎదురుగా కింద కూర్చుంది. పట్టమ్మాళ్ కూర ముట్టుకోలేదు. రసం పోసుకుని కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత నమిలింది. మెల్లగా, మెతుకు మిగల్చకుండా తిన్నది. చెయ్యి కడుక్కుంటూ, "బాగుందమ్మా," అంది.

పట్టమ్మాళ్ నోటి నుంచి ఆ మాట యువరాణి వినడం అదే మొదలు. క్షమించిందనుకుంది. క్యారియర్ ఊపుకుంటూ తేలిక కాళ్ళతో వచ్చింది.

మండపంలో చెల్లమ్మాళ్ ఆకులు ఎత్తుతోంది. ఆకుల అంచున ఒక్కదాంట్లోనూ ఉప్పు మిగల్లేదు. యువరాణి గిన్నె అడుగున మిగిలిన రసం అరచేతిలో పోసుకుని నాలుకకు తాకించుకుంది.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలే లేదు.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది చెల్లమ్మాళ్ నడుం పట్టుకుని లేస్తూ. "అందరికీ తెలుసు. బయటి మనిసి ముందర ఎవరు సెప్తారు? ఆకులో ఉప్పుంది కాబట్టి సరిపోయింది." ఆమె చూపు క్యారియర్ మీద పడింది. "అవ్వకు తీసకపోయింది ఈ రసమేనా? ఉప్పు పెట్టినావా?"

యువరాణి తల అడ్డంగా ఆడించింది.

"అయ్యో. ఏమనింది?"

"బాగుందనింది," అంది యువరాణి.

"సావిల్లు గదా," అని చెల్లమ్మాళ్ ఆకులు ఎత్తుకుని పోయింది. యువరాణి అరచెయ్యి అలాగే చాపి పట్టుకుని, మిగిలిన రసం వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా నిలబడింది.